మా బావ వెనక ఎవరూ ఉండరు

మా అక్క మొగుడు గోవిందసామి బావది ఒకటే గుణం. ఎక్కడికి వెళ్ళినా, ఎంతమందితో వెళ్ళినా, అందరికంటే ఆఖరున వస్తాడు. ఆలస్యంగా వస్తాడని కాదు. ఆలస్యం వేరు, ఆఖరు వేరు. ఆలస్యంగా వచ్చేవాడి వెనక ఇంకొకడు వచ్చే అవకాశం ఉంటుంది. మా బావ వెనక ఎవరూ ఉండరు. ఆయన లోపలికి వచ్చాడంటే ఇక తలుపు వేసుకోవచ్చు.

పుట్టడంలోనూ అంతే. తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరివాడు. "ఇంకో బిడ్డ పుడతాదని తెలిస్తే కడుపులోనే పక్కకి జరిగి దారిచ్చేవోడు" అంటుంది మా అక్క రత్నావతి.

సముద్రం ఇవతల మా ఊరు బంటింగులో ఏ పెళ్ళికి వెళ్ళినా బావ ఆఖరి బంతిలో కూర్చుంటాడు. అప్పటికి సాంబారు అడుగంటి ఉంటుంది. పాయసం గిన్నె కడగడానికి పట్టుకుపోతుంటారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"బావా, మొదటి బంతిల కూకుంటే వడలు ఏడిగా ఉంటాయి గదా?"

"సల్లారితే నూనె కిందికి దిగిపోతాదిరా. డాక్టరు నూనె ఒద్దన్నాడు."

ఆయనకి ప్రతిదానికీ ఇలాంటి కారణం ఒకటి సిద్ధంగా ఉంటుంది. విన్నప్పుడు సబబుగానే అనిపిస్తుంది. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కునేటప్పుడు కదా, వడలో నూనె ఎక్కడికీ పోదని గుర్తొచ్చేది.

ఫొటోల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంటి ఆల్బముల్లో బావ ఉన్నాడని రుజువు చేయాలంటే కుడివైపు అంచున ఒక మోచెయ్యి చూపించాలి. ఆయన సొంత పెళ్ళి ఫొటోలో కూడా నడుమ మా మేనమామ నిలబడి ఉన్నాడు, పెళ్ళికొడుకు స్తంభం పక్కన ఉన్నాడు. తెలియనివాళ్ళు చూసి అక్కకి జోడు బాగా ముసలివాడు దొరికాడని జాలిపడతారు.

ఆయన కప్చాయ్, అదే చిన్న మోటారు బండి, నడిపితే బడిపిల్లల సైకిళ్ళు గంట కొట్టుకుంటూ దాటిపోతాయి. పక్క పట్నం క్లాంగ్ వెళ్ళే బస్సు దగ్గర అయితే ఇంకా అన్యాయం. "నువ్వెక్కమ్మా, నువ్వెక్కు తంబీ" అని అందరినీ ఎక్కించి, బస్సు నిండిపోతే చెయ్యి ఊపి పంపించేస్తాడు. ఒకసారి అక్క రవికె గుడ్డ కోసం పొద్దున్నే పంపితే సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"క్లాంగుల రద్దీగా ఉందా?" అంది అక్క.

"క్లాంగు దాకా ఎల్లనేదు. బస్సు మాత్రం రద్దీగా ఉంది."

నేను బంటింగులో ఇంటి గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసి బిగిస్తుంటాను. మా పనిలో ఒకడు వెనకబడితే నలుగురి పనీ ఆగుతుంది. అందుకని బావని చూస్తే నాకు నవ్వుతోపాటు కొంచెం చిరాకు కూడా వచ్చేది. మనుషులు చాలక ఒకసారి ఆయన్ని సాయానికి తీసుకెళ్ళాను. పెద్ద గేటు, మెట్ల మీదుగా ఎక్కించాలి. అందరం తలో చోటా పట్టుకున్నాం. బావ యథాప్రకారం వెనక చివరికి వెళ్ళి పట్టుకున్నాడు. "ఇక్కడ కూడా ఎనకేనా బావా" అని నవ్వాను. మెట్ల మీద బరువంతా వెనకవాడి మీదికే దిగుతుందని నాకు తెలియనిది కాదు. అయినా ఆ రోజు దాని గురించి ఆలోచించలేదు.

పోయిన డిసెంబరు సెలవుల్లో మా తెలుగువాళ్ళం కొంతమంది కలిసి ఉత్తర భారతదేశం యాత్రకి బయలుదేరాం. ఢిల్లీ, ఆగ్రా, గ్వాలియర్. క్లాంగులో ఉండే శర్మిళ మమ్మల్ని తీసుకెళ్ళింది. ఆ అమ్మాయికి యాత్రలు నడపడమే పని. పసుపు గొడుగు ఒకటి ఎప్పుడూ ఎత్తి పట్టుకుంటుంది, దాన్ని చూసుకుంటూ మేం నడవాలి. మనిషి చురుకు. ఆమె నోట్లోంచి మాటకంటే ముందు "చెపాట్ లా" వస్తుంది. తొందరగా నడవమని దానికి అర్థం.

మనవరాలికి జ్వరం రావడంతో అక్క ఆగిపోయింది. నన్ను పక్కకి పిలిచి అప్పగింతలు పెట్టింది.

"ఒరే తాతబాబు, మీ బావని ఆ దేశంల ఒగ్గేసి రాకు."

"ముందు నడిపించుకుని తీసుకొత్తాను లే."

"ఆయన్ని ముందు నడిపించే మొగోడు ఇంకా పుట్టనేదు. నువ్వు ఎనక్కి సూసుకుంటా ఉండు, సాలు."

మాతో నూకమ్మ పెద్దమ్మ కూడా వచ్చింది. చుట్టరికం లేకపోయినా బంటింగులో మా అందరికీ ఆవిడ పెద్దమ్మే. బావా ఆవిడా పాతకాలంలో ఒకే తోటలో కూలిపని చేసినవాళ్ళు. డెబ్బై దాటింది, మోకాలు వాచి ఉంటుంది. పిల్లలు యాత్ర వద్దన్నా వినలేదు. గ్వాలియర్ కోట చూడాలని ఆవిడ పట్టు. దానికి కారణం ఒక కేలండరు.

తోటలో ఉన్నప్పుడు కిరాణా కొట్టువాడు ఇచ్చిన కేలండరు మీద ఆ కోట బొమ్మ ఉండేదట. నీలం రంగు గోడ, గోడ మీద వరసగా పసుపు బాతులు. ఆ ఏడు అయిపోయి తేదీలు చింపేసినా బొమ్మని మాత్రం గోడ మీదినుంచి తియ్యలేదు. ఆవిడ పెరట్లోనూ బాతులు ఉండేవి.

"పులినీ ఏనుగునీ ఏ రాజైనా పెట్టుకుంటాడు" అని విమానాశ్రయంలో మాతో అంది. "కోట గోడకి బాతుని పెట్టించిన రాజు ఎలాటోడై ఉంటాడు? ఆ బాతులు నిజంగా ఉన్నాయో, కేలండరోడు ఏసేసినాడో సూడాల."

"పైకి చిన్న బండి మాట్లాడతాను ఆంటీ. పడమటివైపు దారుంది" అంది శర్మిళ.

"బండిల కూకుని సూత్తే కేలండరుల సూసినట్టే గదమ్మా. నా కాళ్ళతో ఎక్కుతాను. ఈ ఏడు ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కను."

విమానం ఎక్కేటప్పుడు బావ సంగతి మామూలే. మేమంతా బెల్టులు పెట్టుకుని కూర్చున్నాక మైకులో ఆయన పేరు వినిపించింది, రెండోసారీ వినిపించింది. చేతులు కట్టుకుని, నూకమ్మ పెద్దమ్మ సంచీ భుజానికి తగిలించుకుని, నిదానంగా వచ్చాడు.

"ఎక్కడున్నావు బావా?"

"లైనుల."

"లైను ఎప్పుడో అయిపోయింది గదా."

"అయిపోయిందో నేదో సూసుకోవాల గదరా."

ఢిల్లీలో ఎర్రకోట చూస్తున్నప్పుడు బావ గుణం శర్మిళకి అనుభవంలోకి వచ్చింది. పసుపు గొడుగు ఒక చివర ఉంటే బావ రెండో చివర ఉంటాడు. మాలో అందరికంటే ముందు నడిచేవాడు లోగేశ్వరన్. ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే పార్కు చుట్టూ తిరుగుతాడు, బూట్లు మెరుస్తుంటాయి. గొడుగు కంటే కూడా ఒక అడుగు ముందుంటాడు. బావని ఆటపట్టించడం ఆయనకి టిఫిను కంటే ఇష్టం.

"గోవిందు అన్నా, నీ కోసం మొగలాయీలు తలుపెయ్యకుండా కూకున్నారంట. నువ్వు రాలేదని రాజ్యం వదిలేసి ఎల్లిపోయినారు."

"మంచోళ్ళు, ఆగినారు" అన్నాడు బావ.

ఒక రాతి ముందు హిందీలో రాసిన బోర్డు ఉంది. దాని ముందు బావ నిలబడిపోయాడు. అందరూ వెళ్ళిపోయారు. నూకమ్మ పెద్దమ్మ ఒక్కతే కొంచెం ముందు కుంటుతూ నడుస్తోంది. నేను వెనక్కి వచ్చాను.

"నీకు హిందీ రాదు గదా బావా, ఎంతసేపు సదువుతావు?"

"వొచ్చినోడికి తొందరగా అయిపోతాది. నాకు రాదు గదా, టైము పడతాది."

ఆ రోజు మేం కుతుబ్ మీనారు చూడలేకపోయాం. ఎర్రకోట నుంచి బస్సు దగ్గరికి చేరేసరికి పొద్దుపోయింది. మర్నాడు ఆగ్రా కోట ముందు శర్మిళ గొడుగు మూసి అందరినీ దగ్గరికి పిలిచింది.

"రేపు గ్వాలియర్‌ల కొండ ఎక్కాల. మద్యానం రైలుంది, అది తప్పితే ఫ్లైటూ తప్పుతాది. ఒక్కరి కోసం అందర్నీ ఆపలేను. ఈ కోట సూసి ఎవులు ఆఖరున బస్సు కాడికి వస్తారో, ఆళ్ళు రేపు కింద బస్సుల కూకోవాల. తప్పుగా అనుకోకండి."

ఎవరూ తప్పుగా అనుకోలేదు. ఆ అమ్మాయి అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆ మాట బావ గురించి కాదని కూడా అందరికీ అర్థమైంది. అందరూ నేల చూశారు, నూకమ్మ పెద్దమ్మ వైపు ఎవరూ చూడలేదు. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని, మోకాలి పట్టీ సరిచేసుకుని నడక మొదలుపెట్టింది.

ఆగ్రా కోటలో నేను గోడలకంటే బావని ఎక్కువ చూశాను. అంత ఘోరంగా ఆయన ఎప్పుడూ నడవలేదు. పెద్దమ్మ ఒక అరుగు మీద కూర్చుంటే, దానికి వెనకున్న అరుగు మీద ఆయన కూర్చున్నాడు. పెద్దమ్మ లేస్తే ఆయన ఉడతని చూస్తున్నాడు. పెద్దమ్మ చివరి వాలు దిగుతుంటే ఆయన వంగి కాళ్ళ దగ్గర ఏదో వెతుకుతున్నాడు.

"ఏటైంది బావా?"

"సెప్పు వారు తెగినట్టుంది."

"బావా, నువ్వు బూట్లేసుకున్నావు."

"అదేరా. వారు ఏటైపోయిందా అని ఎతుకుతున్నాను."

పెద్దమ్మ బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి అరిచింది. "ఏరా గోవిందు, నీ కోసం ఈ బస్సు ఇక్కడ ఏరు తన్నాలా?" బావ దూరంగా వేరుశనగలు అమ్మేవాడి దగ్గర నిలబడి పొట్లం వాసన చూస్తున్నాడు. కొనలేదు. డ్రైవరు హారను కొట్టాక వచ్చాడు.

"సారీ అంకల్. రూలంటే రూలే" అంది శర్మిళ. ఆమె ముఖంలో కూడా కొంచెం గందరగోళం కనిపించింది. అనుకున్న చోట కాకుండా వేరే చోట దెబ్బ తగిలినట్టుంది.

"న్యాయమే గదమ్మా" అన్నాడు బావ.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి కోట కింద బస్సులో కూర్చుంటే అక్కకి నేనేం చెప్పాలి?

"కింద కూకుంటేనే మేలురా" అన్నాడు బావ సీటులో సర్దుకుంటూ. "కింద నుంచి కోట అంతా కనబడతాది. పైకెల్తే కోట ఎక్కడ కనబడతాది? కోట మీద ఉంటాం గదా."

మర్నాడు పొద్దున్నే గ్వాలియర్ చేరాం. పాత ఊరి ఇరుకు వీధులు దాటాక బస్సు కొండ కింద ఆగింది. తలెత్తి చూస్తే నిట్టనిలువు రాయి, రాయి మీద గోడ, గోడకి గుండ్రటి బురుజులు. బురుజుల మీద అక్కడక్కడ నీలం మెరుస్తోంది. బాతులైతే అంత దూరానికి కనబడవు. నూకమ్మ పెద్దమ్మ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎక్కాల్సిన దారి రాళ్ళు పరిచిన వాలు. ద్వారం తర్వాత ద్వారం దాటుకుంటూ కొండని పట్టుకుని పైకి పోతోంది.

అందరూ దిగుతుంటే బావ నా చొక్కా పట్టుకుని ఆపాడు. డ్రైవరు ఆయన్ని తన పక్కన ముందు సీటులో కూర్చోబెట్టాడు. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"తాతబాబూ, నాకో పని సేసి పెట్టాల."

"సెప్పు బావా."

"నూకమ్మొదిన కంటే ఎనకుండు."

"ఏల?"

"ఎవుడో ఒకడు ఆయమ్మకి ఎనకుండాల గదరా. ఎనక్కి తిరిగితే మనిసి కనబడాల. ఎనక మనిసి ఉన్నాడనుకో, కాళ్ళు తొందరపడవు. ఎవులూ నేరనుకో, అందరూ నా కోసమే ఆగినారనుకుని పరిగెడతాది. పడిపోతాది."

పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి గుర్తొచ్చింది. ఆ బంతిలో ఎప్పుడూ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. బావ అప్పుడే ఆకు ముందు కూర్చుంటాడు కాబట్టి, "రండి, నానూ ఇప్పుడే" అంటాడు కాబట్టి, వాళ్ళు సిగ్గుపడకుండా కడుపు నిండా తినేవారు.

"ఆగ్రాల నువ్వు కావాలనే…"

"అదంతా ఇప్పుడేల? ఇను." బావ వేళ్ళు ముడిచి చెప్పడం మొదలెట్టాడు. "మరీ దగ్గర ఉండకు, కాపలా అనుకుంటాది. మరీ దూరం ఉండకు, తప్పిపోయినావనుకుంటాది. ఆయమ్మకి ఆయాసం వస్తాదని నీకు తెలుస్తాది, మెడకాడ సెయ్యి పెడతాది. అప్పుడు నువ్వు ముందే ఆగిపో. నీ కోసం తానాగినట్టుండాల. ఒకసారి సెప్పిన సాకు మళ్ళీ సెప్పకు. ఆయాసమంతా నీదే అవ్వాల. పెలన్ పెలన్, నిదానంగా నడు. ఎల్లు."

గేటు పని నాకు ఎవరూ నేర్పలేదు. పనివాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నాను. ఈ పని కూడా అలా చూసి నేర్చుకోవాల్సింది, ఇన్నేళ్ళూ కళ్ళముందే జరిగింది. అది పని అని తెలియక చూడలేదు.

చూసి నేర్చుకోకుండా చేస్తే ఎలా ఉంటుందో కొండ మీద తెలిసింది. మొదటి ద్వారం దగ్గర బూటు లేసు కట్టుకున్నాను. కాస్త పైన మళ్ళీ లేసు కట్టుకున్నాను. ఇంకొంచెం పైన లేసు విప్పి కట్టుకున్నాను. పెద్దమ్మ వెనక్కి తిరిగి నా బూటుని అనుమానంగా చూసింది. సరే కాస్త దగ్గరగా ఉందామని వెళ్ళి ఆవిడ కొంగు తొక్కాను. తర్వాత ద్వారానికి పెద్ద పెద్ద తలుపులు ఉన్నాయి, ఇనుప పట్టీలు కొట్టినవి. వాటి బందులు చూద్దామని ఒక్క నిమిషం ఆగాను. నా వృత్తి కదా, ఆ బందులు అంత బరువుని ఎలా మోస్తున్నాయో చూస్తూ ఒళ్ళు మరిచాను. తలెత్తేసరికి పెద్దమ్మ నా కోసం వెతుక్కుంటూ, ఎక్కిన వాలు మళ్ళీ దిగి వస్తోంది.

"ఓరి నాయనా, పడిపోయినావనుకున్నాను."

ఆ మోకాలితో ఎక్కిన దారి నా మూలంగా రెండోసారి ఎక్కాల్సి వచ్చింది. బావ చూస్తే ఏమనేవాడో.

దారి మధ్యలో రాతిని తొలిచిన చిన్న గుడి ఉంది. దాని గోడ మీద పాతకాలం నాటి సున్నా చెక్కి ఉందని శర్మిళ చెబుతోంది. మేం చేరేసరికి లోగేశ్వరన్ గొంతు వినిపించింది.

"అదిగో, గోవిందు అన్న ఏగం. అప్పుడే కొలిసి రాసి పెట్టినారు."

అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. పెద్దమ్మ నవ్వలేదు. వాళ్ళు ముందుకి కదిలాక పిట్టగోడ మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోమంది. కింద ఊరు కనిపిస్తోంది. మా బస్సు అగ్గిపెట్టెలా ఉంది.

"ఒరే తాతబాబు, నువ్వేటి సేత్తన్నావు పొద్దున్నుంచి?"

"ఏటీ నేదు పెద్దమ్మా. లేసు."

"నీకు సేతకాదురా. మీ బావ పంపినాడు గదా."

నేను బూటు వెనక్కి లాక్కున్నాను.

"గోవిందు సేత్తే ఇలా ఉండదు. ఆడు ఎనకున్నట్టే తెలీదు. నువ్వేమో నా కొంగు తొక్కినావు." ఆవిడ మోకాలు నిమురుకుంది. "నాకు తెలుసని మాత్రం ఆడికి సెప్పకు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వింకా పుట్టకముందు." నవ్వింది. "మా తోటల కలుపు తీసే గేంగుల గోవిందు అంత దబ్బున వరస ముగించేవోడు ఇంకొకడు నేడు. ఆడు ముందు, ఆడి వయసోళ్ళంతా ఎనక."

"మా బావా?"

"మీ బావే. అక్కడ మా మీద మేస్త్రీ, మండోరు ఒకడుండేవోడు. ఆఖరున గట్టెక్కినోళ్ళకి అరపూట కూలి కోసేవోడు. అందుకని మనోళ్ళు ఏటి సేసేవోరు? వరసల ఆఖరి సెట్టు ఒగ్గేసి కూకునేవోరు. ఎనకబడినోళ్ళు వచ్చినాక అందరూ ఒక్కసారే ఆ సెట్టు ముగించి గట్టెక్కేవోరు. ఎవులు ఆఖరో తెలీదు. మండోరు కనిపెట్టేసినాడు. 'అదంతా కుదరదు, ఎవుడో ఒకడు ఆఖరు అవ్వాల' అన్నాడు. అప్పుడు నాను సూలుతో ఉన్నాను, వొంగలేను. ఆ మర్నాటి నుంచి గోవిందు ఆఖరు."

"కూలి కోసినా?"

"కోసినా. ముందుగా వరసంతా ముగించేసి, ఒక్క సెట్టు ఒగ్గేసి దాని కాడ కూకుని గడ్డి పరక నవుల్తా ఉండేవోడు. నాను దాటినాక లేసి నడుం పట్టుకుని వచ్చేవోడు. అందరూ ఆడిని ఆటపట్టించినారు. నా బిడ్డ పుట్టినాడు, ఇంకొకత్తి సూలుతో వచ్చింది, ఇంకో ముసలమ్మ వచ్చింది. ఆడికి మళ్ళీ ముందుకెల్లే తీరికే దొరకనేదు."

"ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఆయనతో అనాల్సింది పెద్దమ్మా."

"అంటే మానేత్తాడురా. సిగ్గు మనిసి. అందుకే తిడతాను. నాను తిట్టినన్నాళ్ళూ నాకు తెలీదనుకుంటాడు, సుకంగా ఎనక నడుత్తాడు." చెయ్యి నా భుజం మీద ఆనించి లేచింది. "పద. ఆ లేసు ముట్టుకోకు."

ఆ తర్వాత సాకులు వెతకడం మానేశాను. ఆవిడ మెడ దగ్గర చెయ్యి పెట్టినప్పుడల్లా నేనే ఆగి, నిజంగానే ఆయాసపడ్డాను. గ్రిల్లులు మోసే మనిషినే అయినా ఆ వాలు నాటకం ఆడనివ్వదు. ఆవిడ నన్ను మెచ్చుకోలేదు గానీ మళ్ళీ వెనక్కి మాత్రం దిగలేదు.

ఏనుగు ద్వారం దాటగానే గోడ మీద మీదికి వచ్చినంత దగ్గరగా ఉంది. నీలం పలకలు, ఆకుపచ్చ అరటిచెట్లు, ఏనుగులు. పైన వరసగా పసుపు బాతులు. కొన్ని చోట్ల పలకలు రాలిపోయాయి. ఉన్నవి మాత్రం నిన్న కడిగినట్టు మెరుస్తున్నాయి. పెద్దమ్మ తల వెనక్కి వాల్చి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. లోగేశ్వరన్ కుర్చీ కోసం వెతకబోయాడు, వద్దని చెయ్యి ఊపింది.

"ఉన్నాయిరా" అంది చివరికి. "కేలండరోడు అబద్దం ఆడనేదు. కాకపోతే మా బాతులు ఇంతకంటే లావుగా ఉండేవి."

శర్మిళ గొడుగు ఎత్తి మనుషుల్ని లెక్కపెట్టడం మొదలెట్టింది. నేను అందరికంటే వెనక, ద్వారం పక్కనే నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఆఖరున వచ్చాను. గేటు సరిగ్గా బిగిసినప్పుడు ఉండే తృప్తిలాంటిది కలిగింది. శర్మిళ ఒకసారి లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది.

"సరిపోయినారు. అందరూ వచ్చేసినారు."

అప్పుడు ద్వారం కింద అడుగుల చప్పుడు వినిపించి వెనక్కి తిరిగాను. నేను ఒక్కణ్ణే ద్వారం పక్కన ఉన్నాను కాబట్టి నాకొక్కడికే కనిపించింది. మా బావ ఆ వాలు ఎక్కి వస్తున్నాడు. మా బావ నడకలా లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, రాయి తర్వాత రాయి మీద తేలిగ్గా అడుగు వేస్తూ, నోరు మూసుకుని, ముక్కుతో మాత్రమే ఊపిరి తీసుకుంటూ, కలుపు వరసలో ముందున్న కుర్రవాడిలా వస్తున్నాడు. నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. పని ఎలా జరిగిందని ఆ ప్రశ్న. బాగానే జరిగిందని తల ఊపాను. నమ్మినట్టు లేదు.

ద్వారం దాటి ఎండలోకి రాగానే పెద్దమ్మ ఇటు తిరిగి ఉండడం చూశాడు. వెంటనే ఒక చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. వీపు వంగింది. నోరు తెరుచుకుంది. గోడ పట్టుకుని దమ్ము తీసుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు.

"అంకల్" అంది శర్మిళ గొడుగు దించి. "మిమ్మల్ని బస్సుల కూకోమన్నాను గదా."

"డ్రైవరు ముందు సీట్ల కూకోబెట్టినాడమ్మా. నాకు అలవాటు నేదు. కళ్ళు తిరిగినాయి."

తిట్టడానికి తెరిచిన నోటితోనే శర్మిళ నవ్వేసింది. "రైలు తప్పితే మీరే తొయ్యాల లా."

"ఎనక నుంచి తోస్తాను లేమ్మా."

"ఈ వయసుల ఒంటికి పట్టనిది ఏల సేత్తావు అన్నా" అన్నాడు లోగేశ్వరన్ నిజంగా జాలిపడి. "రోజూ నాతో పార్కుకి రా. నడక నేర్పుతాను."

"అలాగే లే" అన్నాడు బావ రొప్పుతూ.

నూకమ్మ పెద్దమ్మ నా వైపు చూడలేదు. బాతుల గోడ వదిలి, మోకాలు కుంటుకుంటూ వచ్చి, బావ ముందు నిలబడింది.

"ఏరా గోవిందు, ఇప్పుడా రావడం? నాను వచ్చి ఎంతసేపైందో తెలుసా? ముసలిదాన్ని, నానే ఎక్కేసినాను. నీకేటి రోగం?"

"కాళ్ళు లేవడం నేదు వొదినా."

"ఆడికి నీళ్ళియ్యండ్రా ముందు" అంది మా అందరికీ వినపడేలా. "ఎనకబడిపోయినాడు గదా, పాపం."

నా దగ్గరున్న సీసా ఇచ్చాను. బావ రెండు చేతులతో అందుకుని, దాహం లేకపోయినా, సగానికి పైగా తాగేశాడు.